స్పానిష్ దేశాల ఆధునిక చరిత్ర చదవాలంటే మొదట ఏ దేశం పట్టుకోవాలి?

స్పానిష్ అధికార భాషగా ఉన్న దేశాలు 20. అందులో స్పెయిన్ ఒకటి, ఆఫ్రికాలోని ఈక్వటోరియల్ గినియా ఒకటి. మిగతా 18 మెక్సికో నుంచి అర్జెంటీనా చివరిదాకా పరుచుకుని ఉన్నాయి. ఈ దేశాల గత వందేళ్ల చరిత్ర తెలుసుకోవాలని ఆసక్తి ఉన్నవాళ్లు మన దగ్గర తక్కువేం లేరు. ఫోన్‌లో స్పానిష్ నేర్చుకుంటున్న కుర్రాళ్లు, మెస్సీ అభిమానులు, ఓటీటీలో డ్రగ్ మాఫియా సిరీస్ చూసి అసలు అక్కడేం జరిగిందో తెలుసుకుందామనుకున్నవాళ్లు, చె గువేరా టీషర్ట్ తొడుక్కున్నవాళ్లు, పోటీ పరీక్షలకు ప్రపంచ చరిత్ర తిరగేస్తున్నవాళ్లు, ఇలా చాలామందే ఉన్నారు.

వీళ్లలో ఎక్కువమంది ఒకే పద్ధతిలో మొదలుపెట్టి ఒకేచోట ఆగిపోతారు. ‘లాటిన్ అమెరికా చరిత్ర’ అని ఒక లావుపాటి పుస్తకం తెస్తారు. వంద పేజీలు దాటేసరికి ఏ జనరల్ ఏ దేశంలో ఎవర్ని దించాడో గుర్తుండదు. ఇరవై దేశాల్ని ఒకేసారి తలకెక్కించుకోవడం ఎవరివల్లా కాదు, అవసరం కూడా లేదు. ఒక్క దేశాన్ని పట్టుకుని, దాని గురించి ఎదుటివాడితో వాదన పెట్టుకోగలిగేంతవరకు చదివితే రెండో దేశం సగం సమయంలో అర్థమవుతుంది.

మరి ఆ ఒక్క దేశం ఏది? చిలీ, అర్జెంటీనా, పెరూ, మెక్సికో, స్పెయిన్, క్యూబా, ఈ ఆరింటినీ పోల్చి చెబుతాను. చాలామందికి నేను చిలీయే చెబుతాను, కానీ అందరికీ కాదు. ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కథ ఎంత పొడుగు, ఎన్ని పాత్రలు అన్నది ఒకటి. ఇంగ్లీషులో నమ్మదగ్గ మూల పత్రాలు దొరుకుతాయా అన్నది ఇంకోటి, ఎందుకంటే తెలుగులో దొరికేది చాలా తక్కువ, స్పానిష్ వచ్చేదాకా ఆగలేం. అన్నిటికంటే ముఖ్యం, మీ మనసులో ఇప్పటికే ఉన్న ప్రశ్న ఏమిటన్నది. భూమి గురించా, ఎన్నికల గురించా, సాయుధ పోరాటం గురించా, లేక నియంతలు దిగిపోయాక వాళ్లను ఏం చేశారన్నదా?

చిలీ

1970 సెప్టెంబర్ 4న చిలీలో అధ్యక్ష ఎన్నికలు జరిగాయి. సోషలిస్టు సాల్వదోర్ అయెండేకి 36 శాతం పైచిలుకు ఓట్లు వచ్చాయి. మితవాద అభ్యర్థి అలెస్సాంద్రి ఒకటిన్నర శాతం లోపు తేడాతో వెనకబడ్డాడు. మన దేశంలో 37 శాతం ఓట్లతో లోక్‌సభలో పూర్తి మెజారిటీ రావడం చూశాం కాబట్టి ఇది మనకు వింత కాదు. అక్కడ మాత్రం ఎవరికీ సగం దాటకపోతే పార్లమెంటు తేల్చాలి. తేల్చే రోజుకు రెండు రోజుల ముందు సైన్యాధిపతి రెనే ష్నైడర్‌ను కిడ్నాప్ చేయబోయి కాల్చారు, ఆయన చనిపోయాడు. ఆయన చేసిన పాపమల్లా సైన్యం రాజ్యాంగానికి కట్టుబడి ఉండాలని గట్టిగా చెప్పడమే. కుట్ర పన్నిన సైనికాధికారులతో సీఐఏకు సంబంధాలున్న సంగతి 1975లో అమెరికా సెనేట్ కమిటీయే బయటపెట్టింది.

అక్కడి నుంచి 1973 సెప్టెంబర్ 11 దాకా మూడేళ్లు. ఈ మూడేళ్లలో ఒక సమాజం ఎలా రెండుగా చీలుతుందో దాదాపు నెల నెలా చూడొచ్చు. 1971 జూలైలో రాగి గనుల జాతీయీకరణకు పార్లమెంటులో ఒక్కరు కూడా వ్యతిరేకంగా ఓటెయ్యలేదు, మితవాదులతో సహా. ఏడాది తిరిగేసరికి అంతా తారుమారైంది. ధరలు మండిపోయాయి, దుకాణాల ముందు క్యూలు, 1972 అక్టోబర్‌లో లారీ యజమానుల సమ్మె.

ఆ సమ్మె సమయంలో ఒక విచిత్రం జరిగింది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఇక్కడ తప్పకుండా ఆగుతారు. ప్రభుత్వ ఫ్యాక్టరీలన్నిటినీ టెలెక్స్ యంత్రాలతో (తీగల మీద టైపు సందేశాలు పంపేవి) కలిపి, ఉత్పత్తి లెక్కలు రోజూ రాజధాని శాంటియాగోలోని ఒక కంప్యూటర్‌కు చేరేలా బ్రిటిష్ నిపుణుడు స్టాఫర్డ్ బీర్ సాయంతో ‘సైబర్‌సిన్’ అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. లారీలు ఆగిపోయినప్పుడు ఎక్కడ ఏ సరుకుంది, ఏ దారి తెరిచి ఉందన్న సమాచారం ఆ టెలెక్స్‌ల మీదే నడిచింది. దానికోసం కట్టిన కంట్రోల్ రూమ్ ఫొటోలు ఇప్పటికీ దొరుకుతాయి. ఆరు గోడల గది, గుండ్రంగా ఏడు తిరుగుడు కుర్చీలు, కుర్చీ చేతుల మీద తెరలు మార్చడానికి పెద్ద పెద్ద బటన్లు, పక్కనే యాష్‌ట్రే, గ్లాసు పెట్టుకోవడానికి చోటు. టైపు చేయడం రాని కార్మికుడు కూడా నడపగలగాలని కీబోర్డు పెట్టలేదట. సైనిక తిరుగుబాటుతో అదంతా పోయింది.

తిరుగుబాటు రోజు యుద్ధ విమానాలు అధ్యక్ష భవనం మీద బాంబులు వేశాయి. అయెండే లోపలే ప్రాణం తీసుకున్నాడు. జనరల్ అగస్తో పినోచెట్ పాలన 1990 మార్చి దాకా సాగింది. మూడు వేల మందికి పైగా చంపేశారు లేదా మాయం చేశారు. జైళ్లలో చిత్రహింసలు పడి బతికి బయటపడ్డవాళ్లు, ప్రభుత్వ కమిషన్లు గుర్తించినంతవరకే, 38 వేలకు పైగా.

చిలీని నేను ముందు పెట్టడానికి ఇంకో కారణం అక్కడి ఆర్థిక విధానం. షికాగో యూనివర్సిటీలో చదివొచ్చిన ఆర్థికవేత్తల చేతికి దేశాన్ని ఇచ్చి ప్రయోగాలు చేశారు. 1981లో పాత పెన్షన్ తీసేసి, ప్రతి ఉద్యోగి జీతంలోంచి కోత పెట్టి ప్రైవేటు ఫండ్లలో వేసే పద్ధతి తెచ్చారు. సైన్యం మాత్రం తన పాత పెన్షన్ తాను ఉంచుకుంది! సీపీఎస్ రద్దు చేయాలని మన ఉద్యోగులు, టీచర్లు చేసిన ధర్నాలు చూసినవాళ్లకు ఈ ముక్క ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. రెండు పథకాలూ ఒకటి కావు, కానీ జీతంలో కోత ఖాయంగా ఉండి రాబడికి గ్యారంటీ లేకపోతే ఏమవుతుందన్న ప్రశ్న ఒకటే.

పినోచెట్ దిగిపోయిన తీరు మరీ ఆసక్తికరం. తాను రాయించుకున్న 1980 రాజ్యాంగం ప్రకారమే 1988 అక్టోబర్ 5న ప్రజల ముందుకు వెళ్లాల్సి వచ్చింది. బ్యాలెట్ కాగితం మీద ఒకే పేరు, ఆయనదే. కింద రెండు అడ్డగీతలు, ఒకదాని పక్కన ‘అవును’, రెండోదాని పక్కన ‘కాదు’. ఓటరు పెన్సిల్‌తో తనకు కావాల్సిన అడ్డగీత మీద నిలువు గీత గీయాలి. ‘కాదు’ వర్గానికి టీవీలో రోజూ రాత్రి బాగా పొద్దుపోయాక పదిహేను నిమిషాలు ఇచ్చారు. వాళ్లు శవాలు, కన్నీళ్లు తగ్గించి ఇంద్రధనుస్సు గుర్తుతో, పాటలతో, నవ్వులతో ప్రచారం చేశారు. ‘కాదు’కి 56 శాతం వచ్చింది. ఎన్నికల ప్రచారం గురించి ఆలోచించేవాళ్లకు ఈ ఒక్క ఘట్టం చాలు, నెలరోజులు చదువుకోవచ్చు.

2019లో మెట్రో చార్జీ 30 పెసోలు పెంచితే దేశమంతా వీధిలోకి వచ్చింది. ‘ఇది 30 పెసోల గొడవ కాదు, 30 ఏళ్ల గొడవ’ అన్నారు. కొత్త రాజ్యాంగం కావాలని 2020లో 78 శాతం మంది ఓటేశారు. వామపక్షం బలంగా ఉన్న సభ రాసిన ముసాయిదాను 2022లో 62 శాతం తిరస్కరించారు. మితవాదులు రాసిన ఇంకో ముసాయిదాను 2023లో అదీ వద్దన్నారు. దీనికి వివరణ ఏమిటని అడిగితే చిలీ వాళ్లే నాలుగు రకాలుగా చెబుతారు. అలా తేలని ప్రశ్న ఉన్న దేశమే చదవడానికి బాగుంటుంది.

చిలీతో ఒక ఇబ్బంది ఉంది. అది మాత్రమే చదివితే ఖండమంతా ఇదే కథ అనిపిస్తుంది, అమెరికా వేలు పెట్టింది, సైన్యం వచ్చింది, అంతే అని. నిజానికి చిలీ ఆ ఖండంలో చాలావరకు మినహాయింపు. దక్షిణాన మపూచే ఆదివాసుల భూమి గొడవ కూడా ఈ 1970–1990 కథలో సరిగ్గా కనిపించదు.

అర్జెంటీనా

మీ ప్రశ్న ‘చేసినవాళ్లకు చివరికి శిక్ష పడిందా?’ అన్నదైతే చిలీని దాటేసి నేరుగా ఇక్కడికి రండి.

1976 మార్చి 24న సైన్యం అధికారం తీసుకుంది. వామపక్ష గెరిల్లాలతో పాటు విద్యార్థుల్ని, యూనియన్ నాయకుల్ని, లాయర్లను రాత్రిళ్లు ఇళ్లలోంచి ఎత్తుకెళ్లారు. కేసు లేదు, అరెస్టు రికార్డు లేదు, శవం లేదు. ప్రభుత్వ కమిషన్ 1984లో పేర్లతో సహా నమోదు చేసిన సంఖ్య 8,961. మానవ హక్కుల సంఘాలు చెప్పేది 30 వేలు. ఈ రెండు అంకెల మధ్య అర్జెంటీనా రాజకీయాల్లో ఇప్పటికీ తగువు నడుస్తోంది, మీరు చదివే వ్యాసం ఏ అంకె వాడిందో చూస్తే రాసినవాడి మొగ్గు సగం తెలిసిపోతుంది.

1977 ఏప్రిల్ 30న 14 మంది తల్లులు బ్యూనస్ ఎయిర్స్‌లో అధ్యక్ష భవనం ఎదురుగా ఉన్న ప్లాసా దె మాయోకి వచ్చారు, మా పిల్లలు ఎక్కడ అని అడగడానికి. గుంపుగా నిలబడకూడదు, నడవండి అన్నారు పోలీసులు. సరే అని నడిచారు. ఇద్దరిద్దరుగా, చౌకు మధ్యలో ఉన్న స్తంభం చుట్టూ. తర్వాత అదే అలవాటై ప్రతి గురువారం మధ్యాహ్నం మూడున్నరకు నడక సాగింది. ఒకర్నొకరు గుర్తుపట్టడానికి తలకు తెల్లగుడ్డ కట్టుకున్నారు, మొదట్లో అవి పసిపిల్లలకు కట్టే గుడ్డలే. ఆ ఏడాది డిసెంబర్‌లో వాళ్లలో ముందు నిలబడ్డ అసుసేనా విల్లాఫ్లోర్‌నే ఎత్తుకెళ్లారు. ఆమె అస్థికలను 2005లో గుర్తించారు.

జైల్లో ప్రసవించిన ఆడవాళ్ల బిడ్డల్ని సైనిక కుటుంబాలకు, వాళ్లకు కావాల్సినవాళ్లకు పంచేశారు. తల్లిదండ్రులు బతికి లేరు, మరి ఆ బిడ్డ ఎవరి బిడ్డో రుజువు చేసేదెలా? అమ్మమ్మలు, నానమ్మలు విదేశాలకు వెళ్లి శాస్త్రవేత్తల్ని పట్టుకున్నారు. అమెరికన్ జన్యు శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ లాంటివాళ్ల సాయంతో, మధ్య తరం లేకుండానే రక్త సంబంధం తేల్చే లెక్క తయారైంది. 1987లో దీనికోసం చట్టం చేసి జాతీయ జన్యు బ్యాంకు పెట్టారు. ఇప్పటిదాకా 130 మందికి పైగా మనవలు, మనవరాళ్ల అసలు గుర్తింపు తేలింది, అందులో నలభై దాటాక తామెవరో తెలుసుకున్నవాళ్లున్నారు.

1982లో మాల్వినాస్ (ఫాక్‌లాండ్) దీవుల కోసం బ్రిటన్‌తో యుద్ధానికి దిగి ఓడిపోవడంతో సైన్యం పరువు పోయింది. 1983లో అధ్యక్షుడైన రౌల్ అల్ఫోన్సిన్ సైనిక పాలకుల మీద మామూలు కోర్టులో విచారణ పెట్టించాడు. 1985లో ఎనిమిది వందల మందికి పైగా సాక్ష్యం చెప్పారు. తొమ్మిది మంది కమాండర్లలో విదేలా, మసేరాలకు యావజ్జీవం, ముగ్గురికి జైలు, నలుగురు నిర్దోషులు. కథ అక్కడ ఆగలేదు. బ్యారక్‌లలో తిరుగుబాట్లు వచ్చాయి, కింది అధికారుల మీద కేసులు ఆపే చట్టాలు వచ్చాయి, తర్వాతి అధ్యక్షుడు మెనెమ్ జనరల్స్‌కు క్షమాభిక్ష పెట్టాడు. ఇరవై ఏళ్లు అయ్యాక 2005లో సుప్రీంకోర్టు ఆ చట్టాలు చెల్లవంది. కేసులు మళ్లీ తెరిచారు. విదేలా 2013లో జైల్లోనే చనిపోయాడు.

ఫుట్‌బాల్ అభిమానులకు ఒక మాట. 1978 వరల్డ్ కప్ ఫైనల్ జరిగిన రివర్ ప్లేట్ స్టేడియానికి కూతవేటు దూరంలోనే ‘ఎస్మా’ అనే నేవీ స్కూల్ ఉంది, అత్యంత పెద్ద రహస్య నిర్బంధ కేంద్రం అదే. గోల్ పడినప్పుడు స్టేడియం హోరు లోపలున్న బందీలకు వినపడేదని బతికి వచ్చినవాళ్లు చెప్పారు. ఆ భవనం ఇప్పుడు మ్యూజియం, 2023లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

అర్జెంటీనాలో చిక్కు అంతా పెరాన్‌తో వస్తుంది. 1946లో గెలిచిన హువాన్ పెరాన్, ఆయన భార్య ఎవిటా, వాళ్ల పేరు మీద నడిచే పెరానిజం. రేడియో నటిగా పేరు తెచ్చుకుని 33 ఏళ్లకే చనిపోయిన ఎవిటా మీద జనం పెట్టుకున్న పిచ్చి ప్రేమ, సినిమా వాళ్లు ముఖ్యమంత్రులవడం చూసిన మనకు ఇట్టే అర్థమవుతుంది. అర్థం కానిది ఏమిటంటే, పెరానిస్టుల్లో వామపక్షం వాళ్లుంటారు, మితవాదులుంటారు, ఒకర్నొకరు కాల్చుకున్నవాళ్లూ ఉంటారు. జాతీయీకరణ చేసిందీ వాళ్లే, 1990లలో అన్నీ అమ్మేసిందీ వాళ్లే. అందుకే 1945 నుంచి మొదలుపెట్టకండి. 1976తో మొదలుపెట్టి 1985 విచారణ దాకా చదివి, అప్పుడు వెనక్కి పెరాన్ దగ్గరికి వెళ్లండి. 1989 నాటి మూడు వేల శాతం ద్రవ్యోల్బణం, 2001 డిసెంబర్‌లో బ్యాంకు డిపాజిట్లు బిగించేస్తే గిన్నెలు వాయిస్తూ జనం వీధిలోకి రావడం, రెండు వారాల్లోపే ఐదుగురు అధ్యక్షులు మారడం, ఇవి ఆ తర్వాత.

పెరూ

తెలంగాణలోనో, ఉత్తరాంధ్రలోనో నక్సలైట్ ఉద్యమాన్ని దగ్గరగా చూసినవాళ్లకు, దాని మీద ఎటువైపైనా గట్టి అభిప్రాయం ఉన్నవాళ్లకు నేను చిలీ చెప్పను, పెరూ చెబుతాను.

1980 ఏప్రిల్ 22న కొండపల్లి సీతారామయ్య నాయకత్వంలో పీపుల్స్ వార్ ఏర్పడింది. నెల తిరగకుండానే మే 17న పెరూ కొండల్లో చూస్చి అనే ఊళ్లో కొందరు బ్యాలెట్ పెట్టెలు తగలబెట్టారు. పన్నెండేళ్ల సైనిక పాలన తర్వాత మర్నాడు జరగబోయే మొదటి ఎన్నికల పెట్టెలవి. సెందెరో లుమినోసో అనే మావోయిస్టు పార్టీ యుద్ధం అలా మొదలైంది. ఇక్కడి నాయకుడు వరంగల్‌లో హిందీ మాస్టారుగా పనిచేసినవాడు, అక్కడి నాయకుడు అబిమాయెల్ గుస్మాన్ అయకూచో యూనివర్సిటీలో ఫిలాసఫీ ప్రొఫెసర్. పోలిక ఇక్కడిదాకా బాగానే నడుస్తుంది, ఆ తర్వాత తెగిపోతుంది. తెగిన చోటే అసలు విషయం ఉంది.

1983 ఏప్రిల్‌లో లుకనమార్కా అనే ఊళ్లో తమకు ఎదురుతిరిగారని సెందెరో 69 మంది రైతుల్ని, పిల్లల్ని కూడా, చంపింది. సైన్యం తక్కువ తినలేదు, ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టింది. ఈ హింసలో అసలేం జరిగిందో తేల్చడానికి వేసిన సత్య కమిషన్ 2003లో ఇచ్చిన అంచనా ప్రకారం ఇరవై ఏళ్లలో పోయినవాళ్లు దాదాపు 69 వేలు. అందులో సగం పైన సెందెరో చేతుల్లో పోయారు. మిగతా లాటిన్ దేశాల్లో చాలాచోట్ల రాజ్యమే ఎక్కువమందిని చంపింది, పెరూ లెక్క తిరగబడింది. చనిపోయిన ప్రతి నలుగురిలో ముగ్గురి మాతృభాష క్వెచువా లేదా మరో ఆదివాసీ భాష. రాజధాని లిమాకు కొన్నేళ్లపాటు ఇది పట్టలేదంటే కారణం అదే.

కొండల్లో రైతులు కాపలా దళాలు కట్టి, తర్వాత ప్రభుత్వం ఇచ్చిన తుపాకులతో సెందెరోను తరిమారు. సల్వాజుడుం చెల్లదని మన సుప్రీంకోర్టు 2011లో తీర్పిచ్చింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవొచ్చు, ఒకటే అనుకుంటే మాత్రం దెబ్బతింటారు.

గుస్మాన్ 1992 సెప్టెంబర్‌లో లిమాలో డ్యాన్స్ స్కూల్ పైన ఉన్న ఇంట్లో దొరికాడు. పోలీసులు ఆ ఇంటి చెత్త రోజూ తీసుకెళ్లి వెతికారు. చర్మవ్యాధికి రాసుకునే మందు ట్యూబులు, ఆయన తాగే బ్రాండు సిగరెట్ పీకలు కనిపించాయి. అప్పటి అధ్యక్షుడు ఫుజిమోరి ఐదు నెలల ముందే పార్లమెంటును రద్దు చేసి సర్వాధికారాలు తీసుకున్నాడు. గుస్మాన్‌ను పట్టింది మాత్రం ఓపిగ్గా నిఘా వేసిన చిన్న పోలీసు బృందం. ఆ ఫుజిమోరికి కూడా 2009లో హత్యల కేసుల్లో 25 ఏళ్ల శిక్ష పడింది.

పెరూతో చిక్కు మూల పత్రాలది. సత్య కమిషన్ నివేదిక తొమ్మిది సంపుటాలు, ఎక్కువ భాగం స్పానిష్‌లోనే. ఇంగ్లీషులో సంక్షిప్త రూపంతో సరిపెట్టుకోవాలి.

మెక్సికో

తీరిక ఉన్నవాళ్లకే. 1910లో మొదలైన విప్లవం, ఎవరు ఎవరివైపో అర్థమయ్యేలోగా వైపులు మారిపోతుంటాయి. మదేరో, సపాటా, విల్లా, కరాన్సా, ఓబ్రెగాన్, ఈ ఐదుగురూ 1913–1928 మధ్య కాల్పుల్లోనే పోయారు. ముందు ఎమిలియానో సపాటా ఒక్కణ్ణి పట్టుకుంటే దారి దొరుకుతుంది. మొరెలోస్‌లో చెరకు ఎస్టేట్లు ఊరి భూముల్ని మింగేస్తుంటే, ఊరి పెద్దలు పాత దస్తావేజులు అప్పగించిన యువకుడు ఆయన. దున్నేవాడిదే భూమి అన్న మాట మీద తెలంగాణ సాయుధ పోరాటం నడిచిన నేల మనది, సపాటా కోపం మనకు కొత్త కాదు. కొత్త ఏమిటంటే ఆ డిమాండు 1917 రాజ్యాంగంలోకి ఎక్కడం, 1934–40 మధ్య అధ్యక్షుడు లాసరో కార్దెనాస్ దాదాపు 1.8 కోట్ల హెక్టార్లు నిజంగా పంచడం, 1938లో విదేశీ చమురు కంపెనీల్ని జాతీయం చేయడం.

ఆ తర్వాత వచ్చేది ప్రపంచంలో అరుదైన వ్యవస్థ. ఒకే పార్టీ 71 ఏళ్లు పాలించింది, ఆరేళ్లకోసారి అధ్యక్షుణ్ణి మాత్రం ఠంచనుగా మార్చింది. 1968 ఒలింపిక్స్‌కు పది రోజుల ముందు త్లతెలోల్కో చౌకులో విద్యార్థుల మీద కాల్పులు జరిపిందీ అదే ప్రభుత్వం. 1988 ఎన్నికల లెక్కింపు మధ్యలో ‘సిస్టమ్ పడిపోయింది’ అన్నారు, లేచేసరికి పాలక పార్టీ అభ్యర్థి గెలిచాడు.

మనకు సంబంధించిన ముక్క ఒకటుంది. 1917లో అమెరికాలో కేసు నుంచి తప్పించుకుని మెక్సికో చేరిన ఎం.ఎన్. రాయ్, 1919లో అక్కడి కమ్యూనిస్టు పార్టీ పెట్టినవాళ్లలో ఒకడు. అదే రాయ్ చివరి దశలో చెప్పిన రాడికల్ హ్యూమనిజం తెనాలి, గుంటూరు ప్రాంతాల్లో గోపీచంద్, ఆవుల గోపాలకృష్ణమూర్తి లాంటివాళ్లను కదిలించింది. మెక్సికో సిటీలో ఆయన ఉన్న ఇంట్లో ఆయన పేరుతోనే నైట్ క్లబ్ నడిపారు. రాయ్‌కి ఇష్టమయ్యేదో కాదో.

మాఫియా సిరీస్‌లు చూసి వచ్చినవాళ్లు 2006 నుంచి మొదలుపెడదామనుకుంటారు. వద్దు. ఆ పార్టీ వ్యవస్థ ఎలా నడిచి ఎలా కూలిందో తెలియకపోతే డ్రగ్స్ యుద్ధం వట్టి హింసగా మిగులుతుంది.

స్పెయిన్, క్యూబా

భాష అక్కడిది కదా అని చాలామంది స్పెయిన్‌తో మొదలుపెడతారు. నేను మూడోదిగా చదవమంటాను. 1936–39 అంతర్యుద్ధంలో రిపబ్లిక్ వైపు ఉన్న వర్గాలే అరడజను, వాళ్లలో వాళ్లకే బార్సిలోనా వీధుల్లో కాల్పులు. మొదటిసారి చదివేవాళ్లకు తల తిరుగుతుంది. 1938లో నెహ్రూ, కృష్ణ మీనన్ బాంబులు పడుతున్న బార్సిలోనాకు వెళ్లొచ్చారు, మనవాళ్లు ఆ యుద్ధాన్ని ఎంత దగ్గరగా పట్టించుకున్నారో చూడటానికి అదొక చిన్న తలుపు.

చిలీ, అర్జెంటీనా తర్వాత చదివితే స్పెయిన్ ఇంకో రకంగా కనిపిస్తుంది. ఆ అంతర్యుద్ధం గెలిచి నియంతగా ఏలిన జనరల్ ఫ్రాంకో 1975లో మంచం మీద చనిపోయాడు. 1977 అక్టోబర్‌లో క్షమాభిక్ష చట్టం చేసి రెండువైపులా కేసులు మూసేశారు. ఆ చట్టం రాజకీయ ఖైదీల విడుదల కోసం వామపక్షం కూడా అడిగి తెచ్చుకున్నదేనన్న సంగతి గుర్తుంచుకోవాలి. 1998లో లండన్‌లో పినోచెట్‌ను అరెస్టు చేయించింది స్పెయిన్ జడ్జి బల్తసార్ గార్సోన్. అదే జడ్జి 2008లో తన సొంత దేశంలో ఫ్రాంకో కాలపు నేరాల మీద విచారణ తెరిస్తే తిరిగి ఆయన మీదే కేసు పెట్టారు, 2012లో ఆ కేసులో నిర్దోషి అన్నారు. ఇక ఫ్రాంకో బాధితుల ఫిర్యాదు 2010 నుంచి ఎక్కడ విచారణలో ఉందంటే, బ్యూనస్ ఎయిర్స్ కోర్టులో! మూడు దేశాలూ ఒకే ప్రశ్నకు ఇచ్చిన మూడు జవాబులు ఇలా ఒకదాన్నొకటి కోర్టుకు లాగాయి. ఈ మలుపు రుచి తెలియాలంటే స్పెయిన్ మొదట కాదు, మూడోది కావాలి.

క్యూబాను చివరికి పెట్టుకోమంటాను. చె గువేరా 1959లో ఢిల్లీ వచ్చి నెహ్రూను కలిశాడు, 1983లో ఫిడెల్ కాస్ట్రో ఇందిరను కౌగిలించుకున్న ఫొటో అందరికీ తెలుసు. అభిమానమో ద్వేషమో ముందే ఖాయమై ఉంటుంది, ఏం చదివినా అదే బలపడుతుంది. చదివేటప్పుడు నాయకుల్ని కాసేపు పక్కనపెట్టి, 1962లో మొదలైన రేషన్ పుస్తకాన్ని పట్టుకోండి. మనలా పేదలకే అని కాకుండా దేశంలో ప్రతి కుటుంబానికీ ఇచ్చారు. ఏ ఏడు అందులో ఏం ఇచ్చారు, ఏం తీసేశారు అన్నది చూసుకుంటూ పోతే సోవియట్ సాయం, అమెరికా ఆంక్షలు, 1991 తర్వాతి ఆకలి రోజులు అన్నీ అందులోనే కనిపిస్తాయి.

కొలంబియా, గ్వాటెమాలా రెండో విడతకు. కొలంబియాలో 2016లో గెరిల్లాలతో చేసుకున్న శాంతి ఒప్పందాన్ని జనం ముందు పెడితే అది అర శాతం కంటే తక్కువ తేడాతో ఓడిపోయింది, ఆ ఒక్క రెఫరెండం కోసమైనా చదవాలి. 1948లో సైన్యాన్నే రద్దు చేసుకున్న కోస్టారికాను ఒక సాయంత్రం చూస్తే చాలు.

ఎవరికి ఏది

రెండు మూడు నెలలు, వారానికి కొన్ని గంటలే దొరుకుతాయంటే చిలీ. ఇంగ్లీషులో మూల పత్రాలు అన్నిటికంటే దండిగా ఉన్నది కూడా దీనికే. సెనేట్ కమిటీ నివేదిక, అమెరికా బయటపెట్టిన వేల రహస్య కాగితాలు, పినోచెట్ కాలపు హత్యల మీద 1991లో వచ్చిన రెట్టిగ్ సత్య కమిషన్ నివేదిక అనువాదం. లాయర్లు, లా విద్యార్థులు, హక్కుల సంఘాల్లో పనిచేసేవాళ్లకు అర్జెంటీనా, తర్వాత స్పెయిన్. మావోయిస్టు ఉద్యమం మీద చదువుతున్నవాళ్లకు పెరూ, సందేహం లేదు. భూమి, రైతు ఉద్యమాల వాళ్లకు మెక్సికో. పోటీ పరీక్షలవాళ్లకు నిజం చెప్పాలంటే ఇవేవీ ఇంత లోతుగా అక్కర్లేదు, క్యూబా క్షిపణి సంక్షోభం, అలీనోద్యమం, మెక్సికో విప్లవం చూసుకుంటే సరిపోతుంది. చిలీ మాత్రం వ్యాసాలకు పనికొస్తుంది.

ఏ దేశం తీసుకున్నా రెండు పనులు చేయండి. ఒకటి, సత్య కమిషన్ నివేదిక ఉంటే అందులో ఒక్క ఊరి గురించో ఒక్క కేసు గురించో ఉన్న పేజీలు పూర్తిగా చదవండి, మొత్తం చదవక్కర్లేదు. రెండు, మీకు నచ్చని పక్షం రాసింది కనీసం ఒకటైనా చదవండి. చిలీలో ఇప్పటికీ పినోచెట్ కాలాన్ని మెచ్చుకునేవాళ్లు తక్కువేం కాదు, వాళ్లు ఏమంటున్నారో తెలియకపోతే 2022, 2023 ఓట్లు అర్థం కావు.

భాష కోసం చదివేవాళ్లకు మాత్రం నా వరుస పనికిరాదు. చిలీ వాళ్ల మాట మహా వేగం, పదం చివర ‘స’ మింగేస్తారు, సొంత యాస పదాలు లెక్కలేనన్ని. స్పానిష్ బాగా వచ్చినవాళ్లే తడబడతారు. వినడానికి లిమా, మెక్సికో సిటీ, బొగోటా వార్తా చానళ్లతో మొదలుపెట్టి, చిలీ చరిత్రను ఆ సమయంలో ఇంగ్లీషులోనే చదువుకోవడం మంచిది. అయెండే చివరి రేడియో ప్రసంగం ఒక్కటి మినహాయింపు. నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడాడు. ఆడియో దొరుకుతుంది, పది నిమిషాలు కూడా ఉండదు.